వణకని కెమెరా

ఆ ఏడు పెళ్లిళ్ల కాలం మంచి ఊపు మీద ఉండగా మా పాత కెమెరా మొరాయించింది. పెళ్లికొడుకు పెళ్లికూతురి వేలికి ఉంగరం తొడుగుతున్నాడు. అమ్మ మీట నొక్కింది. లోపలి అద్దం టక్కున పైకి లేచి అక్కడే ఇరుక్కుపోయింది. నిద్రపోని పసిపిల్లని జోకొట్టినట్టు అమ్మ దాని వీపు మీద రెండుసార్లు తట్టింది. ఊహూఁ, దిగలేదు. మిగతా పెళ్లంతా నా ఫోన్‌తో లాగించాం. పెళ్లికూతురి తండ్రి మా వంక చూసిన చూపుకి, భోజనాల పిలుపు వచ్చేలోపే సామాను సర్దుకుని బయటపడ్డాం.

మాది ముందు గది స్టూడియో, వెనక రెండు గదులు ఇల్లు. నాకు ఏడేళ్లప్పటి నుంచీ ఆ స్టూడియోని అమ్మ ఒక్కతే నడిపింది. చదువయ్యాక రెండేళ్లుగా నేనూ తోడు తిరుగుతున్నాను. లైటు పట్టుకోవడం, చుట్టాలని వరసలో నిలబెట్టడం, "అంకుల్, కాస్త పొట్ట లోపలికి" అనడం నా పని. ఫోటో తియ్యడం మాత్రం అమ్మ పనే. మీట మీద వేలు పెట్టనిచ్చేది కాదు.

రిపేరు చేసే అతను కెమెరా విప్పి చూసి, "దీని పార్టులు రావడం మానేసి చాలాకాలం అయిందమ్మా. ఇంక దండ వెయ్యడమే" అన్నాడు. పది రోజుల్లో ఇంకో పెళ్లి ఉంది. మర్నాడు పొద్దున్నే అమ్మా నేనూ పెట్టెల మామయ్య దగ్గరికి వెళ్లాం.

పెట్టెల మామయ్య మాకు చుట్టం కాదు. కెమెరాలు అమ్ముతాడు. అమ్మ ఆయన్ని ముప్ఫై ఏళ్లుగా అన్నయ్యా అంటోంది కాబట్టి నాకు మామయ్య. కొట్టు నిండా నేల నుంచి కప్పుదాకా ఖాళీ పెట్టెలే. ఒక్కటీ పారెయ్యడు. వాటి మధ్య ఆయనని వెతుక్కోవాలి.

అమ్మ చెప్పిందంతా విని, మెత్తటి గుడ్డ పరిచి, దాని మీద రెండు కెమెరాలు పెట్టాడు.

"ఇవి రెండూ అద్దం లేనివే చెల్లెమ్మా, మిర్రర్‌లెస్. ఇరుక్కోడానికి లోపల అద్దమే లేదు. రెండిట్లోనూ సెన్సార్ పెద్దది, ఫుల్‌ఫ్రేమ్. పెద్ద కిటికీ పెట్టిన గది అనుకో, ఉన్న కాస్త వెలుతురూ లోపలికొస్తుంది. ఆ జాతిలో మన చేతికి అందేవి ఇవే. పైమెట్లవి నువ్వూ అడగొద్దు, నేనూ చూపించను."

ఒకటి బరువైనది, కాస్త పాత రకం. పట్టుకునే చోట లావుగా, నాలుగు వేళ్లూ పట్టేలా ఉంది. రెండోది కొత్తది, చిన్నది, చేతిసంచిలో పడేస్తే తెలియదు. దాని తెర పక్కకి తెరుచుకుని ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. వీడియో అద్భుతంగా తీస్తుంది. ఆ సంగతి మామయ్య చెప్పకముందే నాకు తెలుసు. నెల రోజులుగా ఫోన్‌లో దాని గురించే చూస్తున్నాను.

ఎందుకంటే నాకు వీడియోల పిచ్చి. డాక్యుమెంటరీలు తీసే ఒక బృందం వాళ్లు కొత్తవాళ్లని తీసుకుంటున్నారు. నాలుగు నిమిషాల చిత్రం సొంతంగా తీసి, ఎండలు ముదిరేలోపు పంపమన్నారు. ఆ మాట అమ్మకి చెప్పలేదు. స్టూడియో వదిలిపోతానంటున్నట్టు ఉంటుందని దాచాను.

అమ్మ బరువుదాన్ని ఎత్తి కంటికి ఆనించుకుంది. వీధిలోకి, పెట్టెల్లోకి, మామయ్య బట్టతలలోకి చూసింది. "ఇది చేతిలో కూర్చుంది అన్నయ్యా" అంది.

"కూర్చోడమే కాదు, ఇంకో సుగుణం ఉంది. సెన్సార్ లోపల తేలుతూ ఉంటుంది. పట్టుకున్న చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా అది సర్దుకుంటుంది, ఫోటో చెదరదు. ఆ చిన్నదానికి ఆ ఏర్పాటు లేదు. దాంతో వచ్చే లెన్సుకీ లేదు."

అమ్మ కెమెరాని కింద పెట్టలేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఆ చలికాలం నుంచీ అమ్మ చేతులు వణుకుతున్నాయి. కప్పూ సాసరూ వాడడం మానేసి గ్లాసులో టీ తాగుతోంది, అదీ రెండు చేతులతో. సూదిలో దారం ఎక్కించమని నాకిచ్చి, "కళ్లు ఆనట్లేదే" అంటోంది. ఆనకపోయింది కళ్లకి కాదని నాకు తెలుసు. నాకు తెలుసని అమ్మకి తెలియదు.

ఆ తెలిసిన దాన్నే పట్టుకుని నేను నవ్వుతూ అన్నాను. "అది చేతులు వణికే ముసలివాళ్ల కోసంలే అమ్మా. నీకెందుకు?"

అమ్మ నా మొహంలోకి చూడలేదు. బరువు కెమెరాని గుడ్డ మీద జాగ్రత్తగా పెట్టేసింది. "అవును, నాకెందుకు" అంది. "ఆ చిన్నదే ఇవ్వు అన్నయ్యా. మొయ్యడానికి తేలిక."

మామయ్య నా వంక ఒకసారి, అమ్మ వంక ఒకసారి చూసి, చిన్నదాని పెట్టె కోసం నిచ్చెన ఎక్కాడు.

తర్వాత సరంజామా. అదనపు బ్యాటరీ, రెండు మెమరీ కార్డులు, పాత లెన్సుల్ని దీనికి తగిలించుకునే రింగు తీసుకున్నాం. అమ్మ ఒంటికాలి స్టాండు అడిగింది. కెమెరా కింద బిగించి నేలకి ఆనిస్తే ఊతగా ఉంటుంది. "జనంలో అది అందరి కాళ్లకీ అడ్డం అమ్మా, దాని బదులు మైకు తీసుకుందాం" అన్నాను.

"మైకెందుకే? ఫోటోలు మాట్లాడతాయా?"

"ఇప్పుడందరూ వీడియో కూడా అడుగుతున్నారు."

"అడిగితే అడగనీ" అంది గానీ, స్టాండు పక్కన పెట్టేసింది. ఆ రోజు నేనేం చెప్తే దానికల్లా తలూపింది.

పది రోజులూ పొద్దున్నే లేచి కెమెరా పట్టుకుని పోయేదాన్ని. "చెయ్యి తిరగాలిగా" అనేదాన్ని. మా వీధి చివర చెప్పులు కుట్టే తాత దుకాణం తెరవడం, దారానికి మైనం రుద్దడం, మొదటి చెప్పు ఒళ్లో పెట్టుకోవడం తీశాను. ఎంత బాగా వచ్చిందో! అమ్మ మాత్రం మధ్యాహ్నాలు స్టూడియోలో కూర్చుని, పుస్తకం చూసి బటన్లు నేర్చుకునేది. "ఇందులోంచి చూస్తే గదంతా పట్టపగల్లా కనిపిస్తోందే. నిజంగా వెలుతురు ఎంతుందో తెలిసి చావట్లేదు" అని విసుక్కునేది. పాత కెమెరాలో చీకటి చీకటిగానే కనబడేది. ఇందులో చిన్న టీవీలాంటి కన్ను, అన్నిటినీ వెలిగించి చూపిస్తుంది.

పదో రోజు పెళ్లిలో పెళ్లికూతురు నర్సు. పెళ్లి హాల్లో ఫోటోలకి ఇబ్బంది రాలేదు, లైట్లు దండిగా ఉన్నాయి. అంతా అయ్యాక ఆ అమ్మాయి అమ్మ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఆంటీ, మా తాతయ్య మంచం దిగలేరు. హాలుకి రాలేకపోయారు. ఈ బట్టల్లోనే వెళ్లి ఆయనకి కనబడి వస్తాను. మీరు కూడా వచ్చి మా ఇద్దరికీ ఒక్క ఫోటో తీస్తారా? ఈ పెళ్లిలో నాకు కావలసింది అదొక్కటే."

"ఒక్కటేం, ఎన్ని కావాలంటే అన్ని తీస్తాను తల్లీ" అంది అమ్మ.

తాతయ్య గది కిటికీకి మందపాటి తెరలు వేసి ఉన్నాయి. పెద్దాయనకి ఈ మధ్యే కంటి ఆపరేషన్ అయిందట, వెలుతురు పడదు. నేను ఫ్లాష్ తియ్యబోతే అమ్మ వద్దని సైగ చేసింది. తెర జానెడు పక్కకి జరిపించి, ఆ సన్నటి వెలుతురు ఇద్దరి మొహాల మీదా పడేలా అమ్మాయిని మంచం అంచున కూర్చోబెట్టింది. పెద్దాయన మనవరాలి చెయ్యి తీసుకుని తన గుండెల మీద పెట్టుకున్నాడు. కదలకుండా అలా చూస్తూ ఉండిపోయాడు. అమ్మ ఊపిరి బిగబట్టి ఆరు ఫోటోలు తీసింది. కెమెరా వెనక తెర మీద చూసుకుని, "వచ్చాయి" అంది. అగ్గిపెట్టెంత తెర మీద ఏదైనా వచ్చినట్టే ఉంటుంది.

మర్నాడు పొద్దున కంప్యూటర్‌లో ఆ ఫోటోలు పెద్దవి చేసి చూస్తూ, అమ్మ మొదటిదానికి మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లింది. నేను వెళ్లి వెనక నిలబడ్డాను. ఆరింటిలోనూ వెలుతురు అమ్మ పెట్టినట్టే పడింది. అమ్మాయి తల వంచిన తీరు, పెద్దాయన వేళ్లు, అంతా ఉన్నచోటే ఉంది. కానీ తడి అద్దం వెనక ఉన్నట్టు ఉంది. కళ్లకి అంచుల్లేవు.

"ఆయన కదిలారేమో" అన్నాను.

"ఆయన కదల్లేదు" అంది అమ్మ. "నేనే కదిలాను."

కుడి చెయ్యి మౌస్ మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. దాని మీద ఎడమ చెయ్యి వేసి నొక్కి పట్టుకుంది. అప్పుడైనా చెప్పాల్సింది. నా నోట్లోకి వచ్చిన మాట, "టీ పెట్టనా అమ్మా?"

మూడు వారాలకి పెద్దాయన పోయాడని తెలిసింది. ఆ అమ్మాయి ఫోన్ చేసి, తాతయ్యతో ఉన్న ఫోటో పెద్ద సైజులో, ఫ్రేము కట్టించి కావాలంది. ఫోన్‌లో అమ్మ "సరేనమ్మా" అని పెట్టేసింది. ఆరింటిలోనూ కాస్త నయమైనదాన్ని అరచేతంత కాగితం మీద వేయించి, "పద, ఇలాంటివి ఫోన్‌లో చెప్పేవి కావు" అని లేచింది.

ఆ ఇంటి వరండాలో నిలబడే మాట్లాడుకున్నాం. అమ్మాయి కవరులోంచి ఫోటో తీసి, దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. "ఇంకోటి లేదా ఆంటీ?"

అప్పుడు అమ్మ రెండు చేతులూ ముందుకి చాచింది. ముప్ఫై ఏళ్లు ఈ ఊళ్లో సగం మంది పెళ్లిళ్లు తీసిన చేతులు. పట్టుకోవడానికి ఏమీ లేకపోయేసరికి మరీ వణికాయి.

"చూడు తల్లీ. ఇవీ నా చేతులు. ఇలా ఉన్నాయని తెలిసి కూడా ఒప్పుకున్నాను, చూడు, అది నా తప్పు. నీకు మళ్లీ తెచ్చివ్వలేనిది పాడు చేశాను. ఇంక నేను పెళ్లిళ్లు తియ్యనమ్మా."

ఆ అమ్మాయి ఏడవలేదు. ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని కిందికి దించింది. నేను అమ్మకి రెండడుగుల దూరంలో ఉన్నాను. మా ఇద్దరి చెప్పులూ వదిలిన చోట ఎడమదీ కుడిదీ తారుమారుగా ఉంటే, వాటిని సరిగ్గా పెట్టాను. చేసిందంతా అదే.

అమ్మ అన్న మాట మీద నిలబడింది. ఆ మర్నాటి నుంచి ఫోటోలు కత్తిరించడం, ఫ్రేములు కట్టడం, ఎప్పుడైనా ఎవరైనా వస్తే స్టాండు మీద బిగించిన కెమెరాతో పాస్‌పోర్టు ఫోటో తియ్యడం తన పని చేసుకుంది. పెళ్లిళ్లకి నన్ను పంపింది. నేను వెళ్లాను. నా చేతులు వణకవు కదా, ఫోటోలు చక్కగా వచ్చేవి. "అమ్మని మించిపోయావు" అని ఒకావిడ అంటే, ఆ మాట అమ్మకి చెప్పాను కూడా. అమ్మ నిజంగా సంతోషించింది. పక్కింటివాళ్లని పిలిచి మరీ చెప్పుకుంది. అంత సంతోషించకుండా ఉండి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

చెప్పులు కుట్టే తాత చిత్రం వాళ్లకి నచ్చిందని, ఎండాకాలం చివర్లో వచ్చి చేరమని ఆ బృందం నుంచి కబురొచ్చింది. దాన్ని ఎవరికీ చూపించకుండా వారం రోజులు ఫోన్‌లోనే పెట్టుకు తిరిగాను.

ఆ వారంలోనే పెట్టెల మామయ్య పాస్‌పోర్టు ఫోటోకి వచ్చాడు. "కొట్టు నిండా కెమెరాలున్నా నా ఫోటో నేను తీసుకోలేనుగా" అంటూ బల్ల మీద కూర్చున్నాడు. అమ్మ తీసింది. "నవ్వకు అన్నయ్యా, వెనక్కి పంపేస్తారు" అంది. ఫోటోలు కత్తిరించేటప్పుడు కత్తెర రెండుసార్లు గీత తప్పింది. మామయ్య గోడ మీద బొమ్మలు చూస్తున్నట్టు మొహం తిప్పుకున్నాడు.

ఆయన్ని సాగనంపడానికి గుమ్మందాకా వెళ్లాను. మెట్టు మీద ఆగి, గొంతు తగ్గించాడు.

"ఆ రోజు కౌంటర్ మీద ఆవిడ చేతులు చూశానమ్మా. అందుకే ఆ బరువుదాన్ని తీశాను. ఎలా చెప్పాలో తెలియక సుగుణం అదీ ఇదీ అని డొంకతిరుగుడుగా చెప్పాను. నువ్వు చప్పున నీకెందుకు అనేసి, నా ముందు అమ్మ పరువు కాపాడావు. నేను తర్వాత మీ అత్తయ్యతో కూడా అన్నాను, పిల్లంటే అలా ఉండాలి అని."

నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

లోపలికి వచ్చేసరికి అమ్మ కత్తెర పక్కన పెట్టి, గీత తప్పిన ముక్కల్ని చెత్తబుట్టలో వేస్తోంది. ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చున్నాను. లేస్తే మళ్లీ చెప్పలేనని తెలిసి, మొదలుపెట్టి చివరిదాకా ఆగకుండా చెప్పేశాను. వీడియోల సంగతి, తాత చిత్రం, వాళ్ల కబురు, మైకు, ఒంటికాలి స్టాండు. బరువుది తీసుకుని ఉంటే ఆ ఆరు ఫోటోల్లో కనీసం రెండు మూడు నిలిచి ఉండేవని కూడా చెప్పాను.

అమ్మ అన్నీ విని ఒక్కటే అడిగింది.

"నా చేతులు వణుకుతున్నాయని నీకు అప్పటికే తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"చలికాలం నుంచి."

"నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను" అంది అమ్మ. "ఇది ఏ జబ్బో, రేపు చెంచా పట్టుకోగలనో లేదో, నీ పెళ్లిదాకా ఉంటానో లేదో, అన్నీ లోపలే కుక్కుకున్నాను. నీకు తెలిస్తే బెంగపెట్టుకుంటావని. నీకు తెలుసన్నమాట. తెలిసి, ఆ మాట అన్నావన్నమాట."

"అమ్మా..."

"కెమెరాది ఏముందే. అడిగితే నీకు అదే కొనిచ్చేదాన్ని."

అరవలేదు. ఆ రోజు వంట కూడా మామూలుగానే చేసింది. కంచంలో వడ్డించి, తను తర్వాత తింటానంది. అలా నాలుగు రోజులు తర్వాతే తింది. ఐదో రోజు పొద్దున నేను కెమెరా తుడుస్తుంటే వచ్చి నిలబడింది.

"ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లు. తప్పు నా చేతుల మీద వేసుకుని వచ్చాను. నువ్వు వెళ్లి దించు."

"నువ్వూ రా అమ్మా."

"నేనెందుకు? నేను ఒకసారి వెళ్లాను."

వెళ్లాను. అమ్మాయి డ్యూటీకి తయారవుతోంది. యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ నా మాటలు వింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ప్లగ్గు తీసి, అప్పుడు నా వైపు తిరిగింది.

"ఆ రోజు ఆవిడ చేతులు చాపి చూపించినప్పుడు మీరు పక్కనే ఉన్నారు కదండీ?"

"ఉన్నాను."

"మరి..." అని ఆగిపోయింది. యూనిఫాం చేతి మీద వేసుకుని, "నాకు టైమవుతోంది" అంది. గుమ్మందాకా వచ్చి, తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది. క్షమించమని అడగడానికి ఒక మాట సిద్ధం చేసుకుని వెళ్లాను. అది అననే లేదు.

నేను తిరిగొచ్చేసరికి స్టూడియోకి తాళం వేసి ఉంది. అమ్మ మధ్యాహ్నానికి వచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్లిందట. ప్రాణం మీదికి వచ్చేదేమీ కాదని, కొందరి చేతులకి వయసుతో అలా వస్తుందని, పూర్తిగా పోదు గానీ మాత్రలతో కొంత తగ్గుతుందని చెప్పాడట. ఇదంతా నాకు కాదు, చేతిసంచి సర్దుకుంటూ గోడకి చెప్పినట్టు చెప్పింది. అక్కడి నుంచి అటే పెట్టెల మామయ్య కొట్టుకి వెళ్లింది. బరువు కెమెరా, ఒంటికాలి స్టాండు తెచ్చుకుంది. ఏం చెప్పి తెచ్చుకుందో, ఏ ఖర్చు ఆపుకుని తెచ్చుకుందో నేను అడగలేదు.

చిన్న కెమెరాని మార్చుకుని ఉంటుందనుకున్నాను. అది బీరువాలో ఉన్నచోటే ఉంది. అమ్మే తీసి నా ముందు పెట్టింది. "ఇది నీ కోసం కొన్నదేగా. నువ్వే తీసుకెళ్లు. వాళ్లు రమ్మన్నారన్నావు, వెళ్లు." ఏ కోరికైతే నోరు విప్పి అడగలేకపోయానో, దాన్ని చేతికి తెచ్చిచ్చింది. తీసుకోవడానికి చెయ్యి రాలేదు. తీసుకున్నాను. ఇప్పటికీ నా బతుకుతెరువు ఆ పనే.

ఆ కాలానికి చివరి పెళ్లి ఒకటి మిగిలింది. అమ్మ తనే వెళ్లింది. లైటు పట్టుకోవడానికి ఎదురింటి టైలరమ్మని వెంటబెట్టుకుంది. "నేను రానా?" అంటే, "స్టూడియోకి ఎవరో ఒకరు ఉండాలిగా" అంది. రోజంతా ఒక్కరూ రాలేదు. పొద్దు వాలే వేళకి ఇద్దరూ నవ్వుకుంటూ వచ్చారు. "మీ అమ్మ నన్ను గాడిదలా నిలబెట్టిందే" అంటూ టైలరమ్మ లైటు నా చేతికిచ్చి వెళ్లిపోయింది.

అమ్మ కాళ్లు కడుక్కుని వచ్చి, కార్డు కంప్యూటర్‌కి పెట్టింది. పక్కన కుర్చీ లాగింది.

"కూర్చో."

మొదటి ఫోటో తెరుచుకుంది. కిటికీ పక్కన ఒక ముసలావిడ, కొత్త జంట కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఒక్కో కనురెప్ప వెంట్రుకా విడివిడిగా కనబడుతోంది.

"చాలా బాగుందమ్మా" అన్నాను.

"బాగుందా అని అడగలేదు. చూడమన్నాను."

చూశాను. రెండోదీ చూశాను. నాలుగు వందల పైచిలుకు ఫోటోలు. అమ్మ ఒక్కొక్కదాని దగ్గరా ఆగింది. ఒక్కటి కూడా దాటనివ్వలేదు.